మైకులో చదివిన చీటీ

పోయిన నెల మా వీధి అమ్మాయి ఒకతె టీచరు ఉద్యోగంలో చేరబోతూ నన్ను చూడటానికి వచ్చింది. సంచిలోంచి రంగు కాగితాలు, జిగురు సీసా, మెరిసే స్టిక్కర్లు తీసి చూపించింది. పిల్లల్లో దయ పెరగడానికి తరగతి గోడ మీద ఒక 'మంచి పనుల చెట్టు' పెడుతుందట. ఎవరు సాయం చేస్తే వాళ్ళ పేరుతో ఒక ఆకు అంటిస్తుందట. ఎట్లా ఉంది మేడమ్ అని అడిగింది. బాగుందమ్మా అన్నాను. ఆమె వెళ్ళిపోయాక మనసు మనసులో లేదు. తెలిసి కూడా బాగుందని ఊరుకోవడం పిరికితనం అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముప్పై మూడేళ్ళు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. ఏ ఊళ్ళో ఎన్నేళ్ళున్నాను, ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ అధికారి ఏ కాగితం మీద సంతకం పెట్టకుండా తిప్పించాడు, ఇవన్నీ నా సర్వీసు పుస్తకంలో ఉన్నాయి. అక్కడే ఉండనివ్వండి. నేను చెప్పదలచుకున్నది ఒక చీటీ గురించి, ఒక తాళం గురించి, ఇద్దరు ఆడపిల్లల గురించి. పిల్లల పేర్లు మార్చాను. నా తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

ఫ్యాను రెక్కల మీద పేరు

మాది సూర్యాపేట. నాన్నది ధాన్యం వ్యాపారం. మా వాళ్ళలో ఎవరికి ఏది ఇచ్చినా దాని మీద పేరు రాయించడం రివాజు. గుడికి గంట ఇచ్చినా, బడికి బీరువా ఇచ్చినా, పెళ్ళిలో స్టీలు బిందె చదివించినా పేరు ఉండాల్సిందే. నేను చదువుకున్న బడిలో మూడో తరగతి ఫ్యానుకు మూడు రెక్కల మీదా మా తాత పేరు ఉండేది. ఫ్యాను తిరుగుతుంటే కనపడేది కాదు. కరెంటు పోయినప్పుడు మిగతా పిల్లలంతా ఉక్కపోతకు విసుక్కుంటుంటే నేను మాత్రం తల పైకెత్తి ఆ పేరు సంబరంగా చదువుకునేదాన్ని.

అన్నదానాల్లో దాతల పేర్లు మైకులో చదివేవారు. తన పేరు వచ్చేటప్పటికి నాన్న తినడం ఆపి వినేవాడు. ఆయన పేరు కోసమే ఇచ్చేవాడని అనను. చాలా మంచి మనిషి. కానీ మైకులో వినపడితేనే ఇచ్చినట్టు అనే సంగతి నాకు చిన్నప్పుడే ఒంటబట్టింది. తీసుకునేవాళ్ళ గురించి మా ఇంట్లో ఎప్పుడూ మాట వచ్చినట్టు గుర్తు లేదు. వాళ్ళు వరసలో కూర్చుని తిని వెళ్ళిపోయేవారు.

పెద్దసారు తువ్వాలు

నా మొదటి ఉద్యోగం గరిడేపల్లి దగ్గర ఒక చిన్న ఊళ్ళో. చుట్టూ వరి పొలాలు. చేరిన రెండో నెలలోనే నాట్లు మొదలయ్యాయి. రెండో తరగతిలో ఒక పిల్ల రోజూ నిద్రపోయేది. లేపి నిలబెట్టేదాన్ని, నిలబడే జోగేది. ఒకరోజు బెంచీ ఎక్కించాను. పిల్ల పడబోయింది.

మా పెద్దసారు ఆ దారిన పోతూ చూశారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పిల్లను దించి, భుజం మీది తువ్వాలు గోడ వారగా పరిచి పడుకోబెట్టారు. ఇంటర్వెల్‌లో నన్ను పిలిచి సంగతి చెప్పారు. తల్లి తెల్లారకముందే నాట్లకు పోతోంది, ఈ పిల్ల లేచి చంటి తమ్ముణ్ణి చూసుకుని, వాణ్ణి ముసలమ్మకు అప్పగించి బడికి వస్తోంది. ఆయనకు ఇదంతా ఎట్లా తెలుసని అడిగాను.

"పొద్దున గేటు కాడ నిలవడుత గదా. హాజరు తర్వాత, ముందు మొకం సూడాలె," అన్నారు.

ఆయన చేసింది అంతే. ఆ పిల్లను పడుకోబెట్టినట్టు ఆ బడిలో నాకూ ఆయనకూ తప్ప ఏ టీచరుకూ తెలియలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నా ఉద్యోగం మొత్తానికి సరిపోయే పాఠం నాకు రెండో నెలలోనే దొరికింది. దొరికిందని నాకు తెలియలేదు, అదీ నా తెలివి.

ఫొటో తీశారా?

తర్వాత కోదాడలో ఎనిమిదేళ్ళు చేశాను. అక్కడి ప్రధానోపాధ్యాయురాలు చాలా చురుకైన మనిషి. ఆంధ్ర సరిహద్దు పక్కనే కాబట్టి ఆమె మాటలో అండీలు ఎక్కువ. పిల్లలతో మొక్కలు నాటించినా, గోళ్ళు కత్తిరించినా, పాత బట్టలు పంచినా ఆమె మొదటి ప్రశ్న ఒక్కటే.

"ఫొటో తీశారాండీ? తియ్యకపోతే చేసినట్టు కాదండీ."

ఆమెను వెక్కిరించడానికి రాయడం లేదు. ఆ ఫొటోలు చూపించే ఆమె దాతలను తెచ్చింది, బడికి నీళ్ళ ట్యాంకు కట్టించింది. ఆమె దగ్గర పని నేర్చుకున్నాను. ఇచ్చేవారు ఒక పక్క, తీసుకునేవారు ఒక పక్క, మధ్యలో ఆ వస్తువు, ఇద్దరి చేతులూ దాని మీద, ఇద్దరూ కెమెరాను చూడాలి. ఎనిమిదేళ్ళలో అట్లాంటి ఫొటోలు కొన్ని వందలు తీయించి ఉంటాను. మా తాత పేరు చదువుకున్న పిల్లకు ఇదంతా ఎంతో సహజంగా కనిపించింది.

డబ్బా

ఇక మిర్యాలగూడ. ప్రధానోపాధ్యాయురాలిగా నా చివరి బడి అది. బియ్యం మిల్లులకు పోయే రోడ్డు మీద ఉంటుంది. ఊక దుమ్ము కిటికీ చువ్వల మీద పేరుకునేది, పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ ఉండేది. పిల్లల్లో సగానికి పైగా మిల్లుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలే.

నేను వెళ్ళేటప్పటికి ఆ బడిలో కొట్లాటలు ఎక్కువ. ఒకళ్ళనొకళ్ళు అమ్మనా బూతులు తిట్టుకునేవారు. అన్నం వరసలో తోసుకునేవారు. దండించి చూశాను, లాభం లేకపోయింది. అప్పుడు డబ్బా ఆలోచన వచ్చింది. ఒక ఖాళీ మిఠాయి డబ్బాకు రంగు కాగితం అంటించి మూతకు చీలిక పెట్టాం. ఎవరైనా ఎవరికైనా మంచి చేస్తే, చూసినవాళ్ళు చీటీ మీద రాసి అందులో వేయాలి. శనివారం ప్రార్థనలో నేను మైకులో చదువుతాను. మంచి చేసినవాళ్ళు ముందుకు రావాలి. చప్పట్లు, ఒక పెన్సిలు.

నిజం చెప్పాలి, అది బ్రహ్మాండంగా పనిచేసింది. నెల తిరక్కుండా బడి తీరు మారింది. పడిపోయినవాణ్ణి లేపడానికి ముగ్గురు పరుగెత్తేవారు. మండల అధికారి వచ్చి చూసి, మిగతా బడులవాళ్ళను కూడా పంపిస్తానన్నారు. ఒక పత్రికలో జిల్లా పేజీలో ఫొటో పడింది. డబ్బా నా చేతిలో ఉంది ఆ ఫొటోలో. నేను ఆ పేజీని కత్తిరించి పెట్టుకున్నాను, ఆ సంగతి ఇప్పుడెందుకు దాచాలి.

చీటీలు ముందుగా చదువుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. మైకు ముందే విప్పేదాన్ని. విప్పుతుంటే పిల్లలు మెడలు చాచి చూసేవారు, నాకు అది బాగుండేది.

తాళం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బడి వదిలాక బయటి మనుషులు లోపలికి వచ్చి పేకాట ఆడేవారు, బాత్‌రూములు పాడుచేసేవారు. శుభ్రం చేసే ఎల్లమ్మ ఒక్కతే, నీళ్ళు చాలవు. అందుకని బాత్‌రూములకు తాళం వేయించాను. ఇంటర్వెల్‌లో, మధ్యాహ్నం అన్నం వేళలో తీస్తాం. మధ్యలో ఎవరికైనా అవసరమైతే నా గదికి వచ్చి తాళంచెవి అడగాలి. చెవి నా కుర్చీ వెనక మేకుకు ఉండేది. అందరూ బాగా చేశారన్నారు. టీచర్లు మెచ్చుకున్నారు. పిల్లలను ఎవరూ అడగలేదు.

శనివారం

చలికాలం. నాలుగో తరగతిలో మంజుల అని ఒక పిల్ల. నెమ్మదస్తురాలు, ఎక్కాలు గడగడా చెప్పేది. తల్లి లక్ష్మి మిల్లులో ధాన్యం ఆరబెట్టి ఎత్తే పని చేసేది. తండ్రి లేడు. మంజుల పక్కన కూర్చునే పిల్ల శ్రావణి. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి తినేంత స్నేహం.

ఆ శనివారం మూడో చీటీ విప్పి చదవడం మొదలుపెట్టాను. "మంజుల క్లాసుల ఒంటేలు పోసుకుంది. శ్రావణి తన స్వెటర్ ఇప్పి మంజుల నడుముకు కట్టి ఇంటిదాక తీసుకపోయింది. శ్రావణి చాల మంచిది."

మొదటి వాక్యం నోట్లోంచి వచ్చేశాక ఆగవచ్చు. ఆగలేదు. అలవాటైన గొంతు, అలవాటైన మైకు, చివరిదాకా చదివేశాను. పిల్లలు నవ్వారు. అప్పటికైనా మాట మార్చి ఇంకో చీటీ తీయవచ్చు. తీయలేదు. సర్దిచెప్పబోయాను. నవ్వకూడదు, ఇది ఎవరికైనా జరుగుతుంది, మంజులను చూసి నవ్వేవాళ్ళు మంచి పిల్లలు కాదు అని రెండు నిమిషాలు మాట్లాడాను. ఆ రెండు నిమిషాల్లో మంజుల పేరు ఎన్నిసార్లు అన్నానో. ఆ తర్వాత, కోదాడలో నేర్చుకున్న విద్య ఊరికే పోతుందా, ఇద్దరినీ ముందుకు రమ్మన్నాను.

మంజుల వచ్చింది. టీచరు పిలిస్తే రావాలని మేమే నేర్పాం కదా. చేతులు ముందుకు పెట్టుకుని, తల వంచుకుని నిలబడింది. శ్రావణికి పెన్సిలు ఇచ్చాను. చప్పట్లు కొట్టించాను. చప్పట్ల మధ్యలో వెనక వరసలోంచి ఎవరో నోటితో 'ష్ష్' అని శబ్దం చేశారు. ఆ రోజు బడి వదిలేదాకా ఆ శబ్దం వినపడుతూనే ఉందని తర్వాత తెలిసింది.

సోమవారం మంజుల రాలేదు. మంగళవారం కూడా రాలేదు.

ఇంటికి వెళ్ళాను, ఎట్లా వెళ్ళాను

బుధవారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళి ఉంటే సగం మర్యాద దక్కేది. ఒక టీచరునీ, క్లాసు లీడర్లిద్దరినీ వెంటబెట్టుకుని, రంగు పెన్సిళ్ళ డబ్బా ఒకటి కొనుక్కుని వెళ్ళాను. మమ్మల్ని చూసి ఆ సందులోని నాలుగిళ్ళవాళ్ళు గడపల్లోకి వచ్చారు. మంజుల మమ్మల్ని చూడగానే లోపలికి వెళ్ళి తలుపు చాటున నిలబడింది. ఎంత పిలిచినా రాలేదు.

తల్లి అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, జుట్టు నిండా ఊక దుమ్ము. నేను పెన్సిళ్ళ డబ్బా ఆమె చేతికి ఇస్తుంటే నాతో వచ్చిన టీచరు ఫోను తీసి ఫొటో తీయబోయింది. నేను చెప్పలేదు, నిజమే. కానీ వద్దని కూడా అనలేదు. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి, నా చేయి దానంతట అదే డబ్బా మీద ఆగింది, ఫొటో అయ్యేదాకా ఆగినట్టు.

లక్ష్మి డబ్బా వదిలేసి మొహం పక్కకు తిప్పుకుంది. ఆ తర్వాత కోపం లేకుండానే మాట్లాడింది.

"మీరు సెడ్డ చేసిండ్రని నేననను మేడం. గని అందరి ముంగట చేసిండ్రు. ఇగ నా బిడ్డ బడికి రాదు. మా అమ్మోళ్ళది వేములపల్లి. ఐతారం నాడు గాడ తోలిస్త."

అక్కడ బడిలో చేరుస్తారా అని అడిగాను. తమ్ముడి భార్యకు చంటిపిల్ల ఉందని, ఆ పిల్లను చూసుకుంటుందని, బడి సంగతి తర్వాత చూస్తామని చెప్పింది. ఈ 'తర్వాత' అనే మాట నా ఉద్యోగంలో కొన్ని పదులసార్లు విన్నాను. ఆ మాట విన్న తర్వాత బడికి తిరిగొచ్చిన ఆడపిల్లలు నాకు ఇద్దరో ముగ్గురో గుర్తున్నారు. ఎక్కాలు గడగడా చెప్పే తొమ్మిదేళ్ళ పిల్ల చదువు నా చేతి మీదుగా ఆగిపోతోందని నాకు అక్కడే అర్థమైంది.

ఎల్లమ్మ చెప్పిన మాట

మర్నాడు పొద్దున శ్రావణి నా గదికి వచ్చింది. టేబుల్ మీద ఆ పెన్సిలు పెట్టింది.

"నాకద్దు టీచర్," అంది.

ఎందుకని అడిగాను. మంజుల తనతో మాట్లాడటం లేదని, ఇంటికి పోతే రాయి తీసుకుందని చెప్పింది. చీటీ రాసింది శ్రావణి కాదు, వెనక బెంచీ పిల్ల. ఆ మాట మంజుల నమ్మలేదు. తన సంగతి అందరికీ చెప్పి పెన్సిలు తెచ్చుకుందని అనుకుంది. ఇగ నేనెవ్వలకు ఏం సాయం చెయ్య టీచర్ అని చెప్పి శ్రావణి వెళ్ళిపోయింది. దయ నేర్పడానికి డబ్బా పెట్టినదాన్ని నేను. బడిలో అందరికంటే దయగల పిల్ల ఆ పని మానేస్తానని నాకే చెప్పి వెళ్ళింది.

ఎల్లమ్మ గది ఊడుస్తూ ఇదంతా వింది. ఆమె నాకంటే రెండేళ్ళు పెద్ద, ఆ బడిలో నాకంటే పాత మనిషి. చీపురు గోడకు ఆనించి నా ముందుకు వచ్చింది.

"కోపం చెయ్యకుండ్రి టీచర్. గా పొద్దు గా పిల్ల తాళంచెవి కోసం మీ రూం కాడికి వచ్చింది. మీరు ఫోన్ల ఏందో కొడుతున్నరు. ఆగు అన్నట్టు చెయ్యి ఊపిండ్రు. పోయింది, మల్ల వచ్చింది. మల్ల చెయ్యి ఊపిండ్రు."

ఫోనులో కొట్టేది హాజరు. ఆన్‌లైన్‌లో పది గంటల్లోపు ఎక్కించాలి, నెట్ సరిగ్గా రాదు, ఎక్కకపోతే సంజాయిషీ. ఏ టీచరునడిగినా చెబుతారు ఆ పరేషాన్. కానీ గుమ్మంలో నిలబడ్డ పిల్ల నాకు గుర్తులేదు. ఆ రోజు ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు, ఇవాళ్టికీ రాలేదు. నేను ఇన్నేళ్ళలో చాలా తప్పులు చేశాను, వాటిలో చాలావాటికి నా దగ్గర ఏదో ఒక సమాధానం ఉంది. దీనికి లేదు.

ఇప్పుడు మీరు లెక్క కట్టండి. తాళం నాది. చెయ్యి ఊపింది నేను. నా వల్ల తడిసిన పిల్లను ఇంకో పిల్ల స్వెటర్ విప్పి కాపాడింది. ఆ కాపాడటాన్ని నేను మైకులో చదివి పాడుచేశాను. మధ్యలో బడిలో దయ పెంచానని పేపర్లో ఫొటో కూడా వేయించుకున్నాను.

మిల్లు దగ్గర

ఆ గంటలోనే తాళం తీయించేశాను. డబ్బా తీసి బీరువాలో పడేశాను. మధ్యాహ్నం ఒక్కదాన్నే మిల్లుకు నడిచి వెళ్ళాను. ఈసారి చేతిలో ఏమీ లేదు.

అన్నాల వేళ. కళ్ళం మీద ధాన్యం ఆరబోసి ఉంది. ఆడవాళ్ళు షెడ్డు నీడన కూర్చుని టిఫిన్లు విప్పుకున్నారు. మంజుల తల్లికి కాస్త దూరంగా కూర్చుని ఉంది. లక్ష్మి నన్ను చూసి లేవబోతే కూర్చోమని చెప్పి, అడిగాను, పిల్లతో రెండు మాటలు మాట్లాడవచ్చా అని. ఆమె తల ఊపింది. నేను వెళ్ళి మంజుల పక్కన నేల మీద కూర్చున్నాను. పెద్దవాళ్ళకు క్షమాపణ చెప్పడం తెలుసు నాకు. పిల్లలకు చెప్పడం ఎప్పుడూ చేయలేదు. మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

"మంజులా, ఆ రోజు నువ్వు తాళంచెవి అడగడానికి వచ్చావు. నేను ఇవ్వలేదు. నీ తప్పు ఏమీ లేదు. తర్వాత మైకులో చదివింది కూడా నేనే. రెండూ నా తప్పులే," అన్నాను.

ఆ పిల్ల నేల మీది వడ్లగింజలు కొన్ని ఏరి పక్కన పెట్టింది. తర్వాత నా మొహంలోకి చూసి అడిగింది.

"నేను వచ్చింది మీకు యాదికున్నదా టీచర్?"

అవునని అనవచ్చు. అంటే ఆ పిల్లకు కొంచెం ఓదార్పుగా ఉండేదేమో. నా నాలుక చివరిదాకా వచ్చింది ఆ అబద్ధం.

"లేదు బిడ్డా. ఎల్లమ్మ చెప్తేనే తెలిసింది," అన్నాను.

"రెండుసార్లు వచ్చిన," అంది. అంతే. ఏడవలేదు. నాకే కళ్ళు నిండాయి. ముక్కు చీదుకుంటుంటే కాస్త దూరాన కూర్చున్న ఆడవాళ్ళు చూడనట్టు మొహాలు తిప్పుకున్నారు. ఆ మర్యాద నేను వాళ్ళ బిడ్డకు చూపించలేదు.

కొంతసేపయ్యాక మంజుల రెండు సంగతులు అడిగింది. మళ్ళీ మైకు కాడికి పిలుస్తారా అని. జన్మలో పిలవనన్నాను. తాళం ఉంటదా అని. తీసేశానని చెప్పాను. శ్రావణి ఆ చీటీ రాయలేదని నేను చెప్పబోయాను. దాని ముచ్చట చెప్పకుండ్రి అని తల అడ్డంగా ఊపింది. అక్కడ నా మాటకు విలువ లేదు.

లేచి వస్తుంటే లక్ష్మి వెంట నాలుగడుగులు వచ్చింది. "సోమారం దాక సూస్త. వస్తనంటే తోలిస్త, రానంటే నేను బలిమి చెయ్య," అంది. అంతకంటే అడిగే హక్కు నాకు లేదు.

పిల్లలందరి ముందు క్షమాపణ చెబితే బాగుంటుందని ఒక టీచరు సలహా ఇచ్చింది. ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది, పాపం ఆమె మంచికే చెప్పింది. అందరి ముందు చెబితే నా మనసు తేలికపడుతుంది, ఆ పిల్ల పేరు ఇంకోసారి మైకెక్కుతుంది. 'ష్ష్' అన్న పిల్లలను మాత్రం ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాను. రెండు రోజులు పట్టింది. ఆ పని మొదటే చేయాల్సింది.

కొత్తగా వచ్చేవాళ్ళకు

మెచ్చుకోవద్దని నేను చెప్పడం లేదు. పాట బాగా పాడిన పిల్లను, లెక్క చేసిన పిల్లను పదిమందిలో మెచ్చుకోండి, ఆ పిల్ల మొహం వెలిగిపోతుంది. సాయం సంగతి వేరు. అందులో ఎప్పుడూ ఇద్దరుంటారు. ఒకళ్ళకు చప్పట్లు కొడుతుంటే రెండోవాళ్ళు ఎక్కడ చూస్తున్నారో చూడండి. ఆ చెట్టు పెట్టే అమ్మాయికి కూడా ఇదే చెప్పాలి. ఆకు మీద ఇచ్చినవాళ్ళ పేరు రాస్తే, రాయకపోయినా తీసుకున్నవాళ్ళ పేరు తరగతిలో అందరికీ తెలిసిపోతుంది.

ఇంకో మాట. పిల్లలకు దయ నేర్పే ముందు మన బడిలో తాళాలు ఎక్కడెక్కడున్నాయో ఒకసారి తిరిగి చూడండి. మంచినీళ్ళ దగ్గర, బాత్‌రూము దగ్గర, అన్నం వరసలో, మన గది గుమ్మంలో. సాధారణంగా ఒక పిల్ల ఒకసారి అడుగుతుంది. మంజుల రెండుసార్లు అడిగింది. మూడోసారి అడిగే పిల్లను నేను నా ఉద్యోగంలో చూడలేదు. ఆన్‌లైన్ హాజరు ఆలస్యమైతే సంజాయిషీ రాసుకోవచ్చు. నేను తర్వాత చాలా రాశాను, ఏమీ కాలేదు. మండల అధికారి డబ్బా ఏమైందని అడిగితే ఆపేశానని చెప్పాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు. కొన్నాళ్ళకు అదీ మరిచిపోయారు.

తలుపు

సోమవారం మంజుల వచ్చింది. తల్లి గేటుదాకా దింపి పనికి వెళ్ళిపోయింది. నేను మంజులను ప్రత్యేకంగా పలకరించలేదు, మిగతా పిల్లలను చూసినట్టే చూశాను. మంజుల శ్రావణి పక్కన కూర్చోలేదు. చివరి వరసలో ఒక్కతే కూర్చుంది.

తాళం తీశాక ఇంకో లోటు బయటపడింది. ఆడపిల్లల బాత్‌రూము తలుపుకు లోపల గడియ లేదు. తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. ఇంతకాలం ఇంటర్వెల్‌లో గుంపుగా వెళ్ళేవారు కాబట్టి ఎవరో ఒకరు పట్టుకునేవారు. ఇప్పుడు మధ్యలో వెళ్ళాలంటే తోడు కావాలి. వడ్రంగికి కబురు పెట్టాను, రేపొస్తానన్నాడు, వారం కావస్తున్నా రాలేదు. ఈలోగా ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్ళేవారు, ఒకరు లోపల, ఒకరు బయట తలుపు పట్టుకుని. మంజులకు జత లేదు. ఆ పిల్ల పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం లేదని ఎల్లమ్మ నాకు చెప్పింది. మూడు రోజులు ఇంటర్వెల్‌లోనే వెళ్ళివచ్చింది. మళ్ళీ ఐతారం వస్తే తల్లి ఏం చేస్తుందోనని నాకు లోపల గుబులు.

గురువారం. మూడో పీరియడు నడుస్తోంది. నేను వరండాలో ఉన్నాను. నాలుగో తరగతిలోంచి మంజుల బయటికి వచ్చింది. ఎవరినీ అడగలేదు, నా వైపు చూడలేదు. మెట్లు దిగి బాత్‌రూము దాకా వెళ్ళి, తలుపు ముందు ఆగిపోయింది. తలుపు లాగి చూసింది, అది మళ్ళీ తెరుచుకుంది. అటూ ఇటూ చూసింది. నేను వెళ్ళి పట్టుకోవాలా అని అడుగు వేయబోయాను. పెద్ద టీచరు వచ్చి తలుపు పట్టుకుంటే ఆ పిల్లకు అదింకో అవమానం. ఏం చేయాలో తోచక నిలబడిపోయాను.

తరగతిలోంచి శ్రావణి వచ్చింది. పరుగెత్తలేదు, మామూలుగా నడుచుకుంటూ వెళ్ళింది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మంజుల లోపలికి వెళ్ళింది. శ్రావణి తలుపు దగ్గరికి లాగి, గొళ్ళెం పట్టుకుని, వీపు తలుపుకు ఆనించి, మొహం మైదానం వైపు తిప్పుకుని నిలబడింది.

శ్రావణి తల నా వైపు తిరుగుతుందేమోనని నేను స్తంభం చాటుకు జరిగి, చప్పుడు కాకుండా నా గదిలోకి వచ్చేశాను.